పది పాయింట్ రెండు మహిమ

దొంగ రీడింగులను తిట్టేవాళ్ళంటే నాకు జాలి. రసాయన శాస్త్రానికి ఇంత మేలు చేసింది మరొకటి లేదని, ముప్పయ్యేళ్ళుగా కాలేజీ ల్యాబులో పాఠం చెబుతున్నవాడిగా ఢంకా బజాయించి చెబుతున్నాను!

టైట్రేషన్ గుర్తుందా? ఫ్లాస్కులో గాఢత ఎంతో తెలియని యాసిడ్. అందులో రెండు చుక్కల ఇండికేటర్. పైన బ్యూరెట్ అనే సన్నని గాజు గొట్టంలోంచి క్షారాన్ని చుక్క చుక్కగా వదలాలి. యాసిడ్ విరిగిపోగానే ఏదో ఒక చుక్కకి ఫ్లాస్కంతా లేత గులాబి రంగుకి తిరుగుతుంది. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూసి యాసిడ్ గాఢత లెక్కకడతారు. ఒక్క చుక్క ఎక్కువైతే మళ్ళీ మొదటికి! నడుం వంచి, కన్నార్పకుండా, మూడుసార్లు. మనుషులు చేసే పనేనా?

ఇప్పుడా బాధ లేదు. పరీక్షకి ముందే సీనియర్ల రీడింగు ఫోన్లలోకి వచ్చేస్తుంది: పది పాయింట్ రెండు. ఇక గాజు పగలదు, క్షారం తరగదు. మా ఆవిడ ఉన్న రోజుల్లో నా చొక్కాలకు పడ్డ యాసిడ్ చిల్లులు కుట్టలేక సతమతమయ్యేది. ఇప్పుడు కుట్టే మనిషి లేదు, చిల్లులూ పడటం లేదు. దేవుడి దయ చూశారా!

మొన్నటి ప్రాక్టికల్ పరీక్షే చూడండి. ముప్పై మందిలో ఇరవై తొమ్మిది మందికి పది పాయింట్ రెండు! ఒక్క కడుపున పుట్టినవాళ్ళలోనైనా ఇంత ఐకమత్యం ఉంటుందా?

ఒక్క అమ్మాయి మాత్రం 0.1 అని రాసింది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"ఒక్క చుక్కకే రంగొచ్చేసింది సర్."

"అందరికీ పది దాటితే నీకెందుకలా?"

"మూడుసార్లు చేశాను సర్. ఫ్లాస్కు కూడా మార్చి చూశాను." ఈ పరీక్ష పోతే ఆమెకు ఏడాది పోతుంది.

"గ్రూపులో పెట్టాం కదే తల్లీ, చూసి రాయడానికి కూడా బద్ధకమా?" వెనక బెంచీ నుంచి ఎవరో ఆప్యాయంగా కోప్పడ్డారు.

అందరూ వెళ్ళిపోయాక అటెండర్ తల గోక్కుంటూ వచ్చాడు.

"సర్, తిట్టకండి. పొద్దున సీసాల్లో నీళ్ళు పట్టానా, ఇంతలో ఫోనొచ్చింది. యాసిడ్ కలపడం మర్చేపోయాను."

అంటే ఏమిటి? ఇరవై తొమ్మిది మంది పిల్లలు ఉత్త నీళ్ళలో యాసిడ్ గాఢతను నాలుగో దశాంశం దాకా కనిపెట్టారు! ఇంత ప్రతిభ ఇంకే ల్యాబులో ఉంది?

పరుగున ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, పరీక్ష మళ్ళీ పెడదామన్నాను.

"ఇరవై తొమ్మిది మంది సుబ్బరంగా పాసయితే మళ్ళీ పరీక్షేంటి మాస్టారూ? ఉన్న ఆ ఒక్క అమ్మాయి సంగతి చూసుకోండి, చాలు."

చూసుకుందామని మార్కులు ఎక్కించే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మార్కులు వేసేది నేను కాదు. నేను రీడింగు కొడితే అదే వేస్తుంది. 0.1 కొట్టాను. తెర ఎర్రబడింది: 'సరికాని విలువ. మార్కులు సున్నా.' తొమ్మిది పాయింట్ ఎనిమిది నుంచి పది పాయింట్ ఆరు దాకా ఏం కొట్టినా దానికి ఆనందమే. నిజం కొడితేనే కోపం.

"సాయంత్రానికి లాకైపోతుంది మాస్టారూ," పక్క సీటులో గుమాస్తా ఆవులించాడు. "ఆ పది పాయింట్ రెండేదో కొట్టి పడేయండి, పిల్ల గట్టెక్కుతుంది."

కొట్టాను. తెర ఆకుపచ్చగా నవ్వింది.

ఫలితాల రోజున ఆ అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. "నా రీడింగే కరెక్టని ఒప్పుకున్నారు కదా సర్! మా నాన్న నమ్మలేదు. నువ్వొక్కదానివే రైటెలా అవుతావన్నారు."

నేను తలూపాను. ఆ రోజు మా ల్యాబులో టైట్రేషన్ చేసింది ఒక్కరే. రికార్డుల ప్రకారం ఇప్పుడు ఆ ఒక్కరూ లేరు.