చెల్లే ఆకు, లేని చిల్లర

పెద్ద అడవే అది. ఎంత పెద్దదంటే తూర్పు మూల ఉడుము గుడ్డు తిన్న సంగతి పడమటి మూల కాకికి చేరేసరికి ఆ ఉడుముకి మళ్లీ ఆకలేసేది. అంత అడవిలోనూ ఈ చివర నుంచి ఆ చివరదాకా చెల్లే వస్తువు ఒక్కటే. ఏనుగు కొండలరాయుడి ఆకు.

ఆకంటే మామూలు అడ్డాకే, మనం విస్తళ్లు కుట్టుకునేది. దాని మీద కొండలరాయుడు బురదకాలు మోపితే అది డబ్బు. మోపకపోతే ఆకు. ఒక ఆకుకి పది చింతగింజలు చిల్లర.

ఇదేమీ ఊరికే రాలేదు. ఒకప్పుడు కార్చిచ్చు రేగి అందరి నిల్వలూ బూడిదైపోయాయి. ఏటికి అవతల ఉన్న కొండలరాయుడి వెలగతోపు ఒక్కటే మిగిలింది. ఆయన అందరికీ పెట్టాడు. పెట్టలేదంటే కళ్లు పోతాయి. నా కాలిముద్ర ఉన్న ఆకు ఎప్పుడు తెచ్చినా ఒక వెలగపండు ఇస్తానని మాట కూడా ఇచ్చాడు. దాంతో కుందేలు నుంచి కణుజుదుప్పి దాకా ఆకులే ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టారు.

కొన్నేళ్లకి తోపులో కాపు తగ్గింది. చేతిలో ఆకు ఉండగా మళ్లీ పండెందుకు, మోయలేక చావడానికా అని కొండలరాయుడు పండివ్వడం మానేశాడు. అందరూ ఒక పూట గొణిగారు. పక్కవాడు తీసుకుంటున్నాడు కదా అని మర్నాటి నుంచి మళ్లీ ఆకే తీసుకున్నారు.

ఇంక ఆయన సుఖం చెప్పతరం కాదు. పొద్దున్నే బురదలో కాలు పెట్టి నూరు ఆకులు తొక్కేవాడు. కోతులు వాటిని పట్టుకెళ్లి తేనె, దుంపలు, వెదురు చిగుళ్లు మోసుకొచ్చేవి. చుట్టుపక్కల అడ్డతీగలన్నీ ముద్రల కోసమే కోయించేశాడు. కొన్నాళ్లకి నడవడం కూడా మానేశాడు. డబ్బు కాలికిందే తయారవుతుంటే ఆ కాలితో నడవడం ఎందుకని ఆయన వాదన.

ముళ్లపంది సూరమ్మది వేరే రకం బతుకు. ముగ్గురు పిల్లలు, దుంపలు తవ్వి అమ్ముకునే పని. ఎండాకాలం నేల బండబారితే దుంప దొరకదు. అప్పుడు కొనుక్కు తినాలి. అందుకని చలికాలమంతా తవ్వి, అమ్మి, ఆకులు దాచేది. పదేళ్లలో బొరియలో మూడు గదులు ఆకులతో నిండిపోయాయి. పిల్లలు గుమ్మంలో పడుకునేవాళ్లు. అడవిలో అన్ని ఆకులున్న ప్రాణి ఇంకోటి లేదని పేరు, పేరంటాల్లో ముందు వరసలో చోటు.

ఇలా ఉండగా బైరాగి అనే ఎలుగుబంటి ఇప్పచెట్టు దగ్గర అడవిపందిని చితకబాదాడు. చెట్టు పందిదే. తప్పు నూటికి నూరుపాళ్లు బైరాగిదే, అందులో రెండో మాట లేదు. కొండలరాయుడికి కోపం వచ్చింది, రావాల్సిందే. అయితే ఆ కోపం పట్టిన దారి కొత్తది. బైరాగి చెదలకి భయపడి తన నాలుగు వందల ఆకులూ కొండలరాయుడి గుహలోనే దాచుకున్నాడు. ఆ ఆకులు ఇవాళ్టి నుంచి ఆకులు కావని ఆయన ప్రకటించేశాడు.

అడవంతా మెచ్చుకుంది. ఆ ఎలుగుకి అలాగే కావాలన్నారు. మెచ్చుకుని ఇంటికెళ్లాక ఒక్కొక్కరికీ ఏదో ఒకటి గుర్తొచ్చింది. దుప్పికి వెలగతోపులో దొంగతనంగా మేసిన గడ్డి, కోతికి ఆయన తొండాన్ని వెక్కిరించిన సంగతి. సూరమ్మకి గుర్తొచ్చింది రెండేళ్ల కిందట కొండలరాయుడి అరికాల్లో దిగిన ముల్లు. నాది కాదండి అని అప్పట్లో ఒట్టేసింది. అడవిలో ముళ్లున్నది ఇంకెవరికి?

సూరమ్మ మూడు గదులకేసీ చూసుకుంది. ఆయనకి ఒక్కరోజు కోపమొస్తే చాలు, సూరమ్మ ఆకులు ఆకులు కావని ఒక్క మాట అంటే చాలు. పిల్లలు ఆ ఎండాకాలం మన్ను తినాలి.

అదను చూసి ఏట్లో మొసలి లేచింది. నా పంటిగాటున్న గులకరాయి తీసుకోండి, ఎవరూ దొంగది చెయ్యలేరంది. మార్చుకోవాలంటే మాత్రం నీళ్లలోకి దిగి రావాలట. చాలా బాగుందన్నారు, ఒక్కరూ దిగలేదు. బైరాగి మైనం బిళ్లలు పోశాడు, అవి ఎండకి కరిగి కూర్చున్నాయి. అందరికీ కలిపి ఒక ఉమ్మడి నాణెం ఉండాలని కోతులు సమావేశం పెట్టాయి. దానికి ఏం పేరు పెట్టాలన్న దగ్గరే అది మూడుసార్లు వాయిదా పడింది.

చివరికి ఎవరి ముద్రా లేని ఉప్పుమట్టి గడ్డలు దాచుకోవడం మేలని అందరికీ ఎవరికి వాళ్లకే తోచింది. కొండవాలున తవ్వితే దొరుకుతుంది, నాకితే ఒంటికి మంచిది. పైగా ఎంత కోపమొచ్చినా ఉప్పుని ఉప్పు కాదనడం ఎవరి తరమూ కాదు.

సూరమ్మకీ ఉప్పే కావాలి. చిక్కల్లా ఒక్కటే. మూడు గదుల ఆకులూ ఒక్కసారి బయటికి తీస్తే సూరమ్మే వదిలించుకుంటోందని అడవంతా గుప్పుమంటుంది. మధ్యాహ్నానికల్లా ఆకు ఆకైపోతుంది. అందుకని రోజుకి ఇరవయ్యేసి ఆకులు, అదీ రోజుకో దారిన వెళ్లి మార్చడం మొదలుపెట్టింది. మారుస్తున్నంతసేపూ ఆకుని తెగ పొగిడేది. ఏదో పిల్లలు నాకుతారని ఈ ఉప్పు గానీ, మన ఆకంత నమ్మకమైనది ఇంకోటుందా అనేది.

రెండు నెలలు అలా గడిచాయి. ఒకరోజు ఉప్పు అమ్మే కుందేలు ఆకుని చూసి రెండు చేతులూ జోడించింది.

"ఆకుకేం వదినా, బంగారం. చిల్లరే లేదు."

సూరమ్మకి సంగతి తెలిసిపోయింది. ఎందుకంటే ముందురోజు దుంపలకొచ్చిన దుప్పికి తను చెప్పిందీ ఆ మాటే. గంపెడు చింతగింజల మీద కూర్చుని మరీ చెప్పింది.

నాలుగు రోజుల్లో ఆ మాట అడవంతా పాకింది. ఆకు వద్దన్నవాడు ఒక్కడు లేడు, తీసుకున్నవాడూ లేడు. ధరలు మాత్రం ఆకుల్లోనే చెప్పేవాళ్లు, పెద్దాయన గౌరవం పోకూడదు కదా. దుంప రెండాకులు అని, వెంటనే గొంతు తగ్గించి ఉప్పు ఉందా అని అడిగేవాళ్లు.

కొండలరాయుడికి కొంగ పరాంకుశం అని ఒక ఆస్థాన నిపుణుడు ఉండేవాడు. ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంటే ఆలోచిస్తున్నాడో నిద్రపోతున్నాడో తెలిసేది కాదు. ఆయనకి పండితుడని పేరు రావడానికి అదే కారణం. కోతులు ఉత్త చేతులతో తిరిగొస్తున్నాయేమిటని కొండలరాయుడు అడిగితే, ఇది కేవలం చింతగింజల కొరత, ఆకులో లోపం ఏమీ లేదని తేల్చేశాడు. కావాలంటే సభ పెట్టి అందరి నమ్మకమూ కొలుద్దామన్నాడు.

సభ పెట్టారు. ఆకు మీద అనుమానం ఉన్నవాళ్లు లేచి నిర్భయంగా చెప్పండని కొండలరాయుడు అడిగాడు, ముందుకాలితో నేలని మెల్లగా తాటిస్తూ. అనుమానం ఉన్నవాళ్లు ఎవరూ లేవలేదు. నమ్మకం ఉన్నవాళ్లు మాత్రం వరసకట్టి లేచారు. మా తాతల నుంచీ ఆకే అంది దుప్పి. మొసలి కూడా నీళ్లలోంచి తలెత్తి, తన గులకరాయి ధర కూడా ఆకుల్లోనే కడుతున్నానని విన్నవించుకుంది.

సూరమ్మ లేచి, "నా బొరియలో ఆకులకే మూడు గదులున్నాయి. నమ్మకం లేకపోతే కట్టుకుంటానా?" అంది.

అప్పటికి అందులో ఒకటిన్నర గది ఖాళీ. చప్పట్లు మోగిపోయాయి. ఆకు మీద సంపూర్ణ విశ్వాసం ప్రకటిస్తూ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

కొండలరాయుడికి కళ్లు చెమర్చాయి. తనని ఇంతగా నమ్మినవాళ్లకి విందు చెయ్యాలని అప్పటికప్పుడు వెయ్యి ఆకులు తొక్కాడు. కోతులు ఆ వెయ్యీ మోసుకెళ్లాయి. వెయ్యీ మోసుకొచ్చాయి. చిల్లర ఎక్కడా లేదట. మర్నాటి నుంచి కోతులూ రావడం మానేశాయి. వాటి కూలి కూడా ఆకుల్లోనే కదా.

రెండు రోజులు పస్తున్నాక కొండలరాయుడు తనే బయల్దేరాడు. నడక మరిచిన ఏనుగు నడుస్తుంటే చూడటం కష్టం. మండుటెండలో, వీపు మీద ఆకుల కట్టతో, పది అడుగులకోసారి ఆగుతూ సూరమ్మ బొరియ ముందుకొచ్చి నిలబడ్డాడు. ముల్లు సంగతి తేల్చడానికే వచ్చాడనుకుని సూరమ్మ పిల్లల్ని వెనక్కి నెట్టింది.

"దుంపలు ఎలా ఇస్తున్నావమ్మా?" అన్నాడు.

ధర అడగడం ఆయనకి జన్మలో అదే మొదటిసారి.

"రెండాకులండి."

ఆయన రెండు వందల ఆకులు ముందు పడేశాడు. "నాకు చిల్లర అక్కర్లేదు. అంతా నువ్వే ఉంచుకో."

"అయ్యో, మీ దగ్గర ఎక్కువ తీసుకోవడమా. తప్పు కదండీ."

కొండలరాయుడు ఆవిడకేసి చూశాడు. సభలో మూడు గదుల మాట అన్నది ఈవిడే. తొండం ఒక్కసారి విసిరితే మూడు గదులూ నేలమట్టమైపోతాయి, పిల్లలతో సహా. సూరమ్మకి ఆ సంగతి తెలుసు. కానీ రెండు రోజుల ఆకలి మీద ఆయనకి కోపం తెచ్చుకునే ఓపిక లేదు.

"నిజం చెప్పు సూరమ్మా. మీరంతా ఏం తీసుకుంటున్నారు?"

సూరమ్మ అటూ ఇటూ చూసింది.

"ఉప్పుగడ్డ ఉందాండి?"

లేదు. అడవికంతటికీ డబ్బు చేసి ఇచ్చినవాడి దగ్గర ఒక్క ఉప్పుగడ్డ లేదు. ఆయన అక్కడే కూలబడ్డాడు. కాసేపటికి కట్టలోంచి ఒక ఆకు లాగి, బురద దులిపి, నోట్లో వేసుకున్నాడు. ఎండిపోయింది గానీ అడ్డాకేగా, ఏనుగు తినేదే. ఇంకోటి తిన్నాడు. తరవాత కట్టంతా తిన్నాడు. ఏనుగు కడుపుకి అది ఏ మూలకి?

సూరమ్మకి జాలేసింది. ఒకప్పుడు అందరికీ అన్నం పెట్టిన చెయ్యి, అబద్ధం ఎందుకాడాలి. జాలితోపాటే ఒక ఆలోచన కూడా వచ్చింది. లోపలికెళ్లి మిగిలిన గదిన్నర ఆకులూ గుమ్మంలోకి లాక్కొచ్చింది.

"మీ దంతాలకి కొండవాలు ఒక లెక్కా? గంపెడు ఉప్పుమట్టి తవ్వి పెట్టండి, వంద ఆకులిస్తాను. చిల్లర గొడవే ఉండదు."

కొండలరాయుడు ఆ కుప్పకేసి చూశాడు. ప్రతి ఆకు మీదా తన కాలే. కాసేపు చూసి, గంప ఎక్కడుందని అడిగాడు.

వారంలో సూరమ్మ ఆకులన్నీ అయిపోయాయి. పిల్లలు గదుల్లో పడుకుంటున్నారు, పక్కన ఉప్పు, గంపెడు దుంపలు. సంగతి తెలిసి దుప్పి తన ఆకులు మోసుకొచ్చింది, తరవాత కుందేలు. బైరాగి కూడా తనవి తెచ్చుకుందామని గుహకి వెళ్లాడు గానీ, ఆకులు కావని ప్రకటించిన ఆ నాలుగు వందలూ కొండలరాయుడు అప్పటికే ఆకులనుకుని తినేశాడు.

మొత్తం మీద అడవిలో ఆ ఆకుని పూర్తి విలువకి తీసుకున్న ఆఖరి ప్రాణి దాన్ని తొక్కిన ఏనుగే. కొంగ పరాంకుశం రెండో కాలు కూడా కిందికి దించి, ఆకుకి మునుపెన్నడూ లేనంత గిరాకీ వచ్చిందని ప్రకటించాడు. ఆయన జీవితంలో చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

నీతి: పెద్దవాళ్లు ఏమిచ్చినా వద్దనకండి, చిల్లర లేదంటే చాలు.