వెండి గ్లాసు అడుగున పేరు

ఆ రోజు ఉదయం పళ్లు తోముకుంటూనే శేషగిరి ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఆఫీసులో ఇవ్వాల్సిన క్రిస్మస్ కానుకకు పది రూపాయలకు మించి ఖర్చు పెట్టేది లేదు. అటక మీద ఎవరో గృహప్రవేశానికి ఇచ్చిన ప్లాస్టిక్ పూలకుండీ ఏడేళ్లుగా పడి ఉంది. దాని దుమ్ము దులిపి రంగుకాగితం చుడితే సరిపోతుంది. ఆ పది రూపాయలూ కాగితానికి. మేనేజరు మూడు వందలు దాటొద్దని చెప్పింది గానీ, మూడు వందలు పెట్టాలని చెప్పలేదు గదా అని అతని వాదన.

ప్రొద్దుటూరులో విత్తనాలూ పురుగుమందులూ అమ్మే ఒక ప్రైవేటు కంపెనీ ఆఫీసులో శేషగిరి హెడ్ క్లర్కు. తొమ్మిది మంది సిబ్బంది. ఇరవై రెండేళ్లుగా అతనిది అదే కుర్చీ, అదే కిటికీ. ఇల్లు నడిచి అయిదు నిమిషాలు. మధ్యాహ్నం ఇంటికి పోయి, భార్య సుబ్బలక్ష్మి వడ్డించిన వేడన్నం తిని, అరగంట నడుం వాల్చి, ఏమీ ఎరగనట్టు మళ్లీ వచ్చి కూర్చుంటాడు. ఆ వేడన్నం కోసం, ఆ అరగంట కునుకు కోసం అతను ఏమైనా చేస్తాడు, ఆఫీసు పని తప్ప.

కొత్త మేనేజరు నిర్మలమ్మ జూన్‌లో వచ్చింది. రోజూ జమ్మలమడుగు నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తుంది. పండుగ ఎవరిదైనా ఆఫీసంతా చేసుకోవాలనేది ఆమె పద్ధతి. దసరాకు కంప్యూటర్లన్నిటికీ దగ్గరుండి బొట్లు పెట్టించింది. ఇప్పుడు తన పండుగకు చీటీల కానుకలు పెట్టింది. అందరి పేర్లూ చీటీలు రాసి గిన్నెలో వేస్తారు. ఎవరికి ఎవరి చీటీ వస్తే వాళ్లకు మూడు వందల లోపు ఏదో ఒకటి కొనివ్వాలి. పైన తీసుకునేవాళ్ల పేరే ఉండాలి, ఇచ్చినవాళ్ల పేరు ఉండకూడదు. చీటీలు మార్చుకోకూడదు.

అటెండర్ పెంచలమ్మ స్టీలు గిన్నె పట్టుకుని బల్ల బల్లకూ తిరిగింది. శేషగిరి చీటీ తీసి, విప్పి, మొహం చిట్లించుకున్నాడు. అందులో ఉన్నది గిన్నె పట్టుకున్న మనిషి పేరే.

మనుషులను తూకం వేయడంలో శేషగిరికి సొంత లెక్కలున్నాయి. పైవాడికి వంగి ఇవ్వాలి, సాటివాడికి చూసి ఇవ్వాలి, కిందివాళ్లకు ఇవ్వడమంటే అలవాటు చెడగొట్టడం. పెంచలమ్మ పేరు చూడగానే పూలకుండీ కూడా ఎక్కువే అనిపించింది. స్నానాల గదిలో సగం అరిగిన సబ్బు ఒకటి గుర్తొచ్చింది గానీ, మరీ బాగుండదని కొత్త సబ్బుకే ఒప్పుకున్నాడు. చిన్నది.

పదకొండింటికి టీ కొట్టు దగ్గర సేల్స్ చూసే ఆదినారాయణ అతని చెవిలో ఒక మాట వేశాడు.

"సామీ, ఇన్న్యావా? పులివెందుల బ్రాంచిలో హెడ్ క్లర్కు మానేసినాడంట. ఆడికి మన ఆఫీసునుంచి ఒగర్ని పంపాలంట. మేడమ్ చేతిలోనే ఉండాది. నువ్వో నేనో అంటాండారు."

"నేనెందుకు పోతానప్పా? నాకు ఈడ ఇల్లుండాది."

"నాకు మాత్రం ఇల్లు లేదా ఏంది? కానుకలు పంచే నాడు చెప్తాదంట. అంతవరకు ఆమె మనసు ఎట్ల తిరుగుతాదో చూడాల."

శేషగిరి సగం టీ అలాగే వదిలేశాడు. పులివెందుల అంటే ముద్దనూరు మీదుగా రెండు గంటల బస్సు. పోను రెండు, రాను రెండు. క్యారియరులో చల్లారిన అన్నం. కునుకు మాట దేవుడెరుగు. పైగా ఆ బ్రాంచివాళ్లకు ఒకరంటే ఒకరికి పడదని కంపెనీ అంతటా పేరుంది. టీ డబ్బులు ఆదినారాయణ చేతనే ఇప్పించి, అతను నేరుగా స్టోరుగదికి పోయాడు.

స్టోరుకీపర్ అబ్దుల్ వాహిద్ అక్కడ మందుడబ్బాలు సర్దుకుంటున్నాడు.

"వాహిద్ భాయ్, నీకు ఎవురి చీటీ వచ్చింది?"

"చెప్పగూడదన్యారు గదా సామీ."

"నాకు చెప్పితే ఏం కాదులే."

"మేడమ్‌ది వచ్చింది. మూడు నూర్లలో ఏం తీయాల్నా అని అదే ఆలోచన చేస్తాండా."

శేషగిరి కళ్లు మెరిశాయి. తలుపు దగ్గరికి వేశాడు. "ఆ చీటీ నాకియ్యి. నా దగ్గర పెంచలమ్మ ఉండాది, నువ్వు తీసుకో."

వాహిద్ అతన్ని ఎగాదిగా చూశాడు. "మేడమ్‌కు ఇట్లాంటివి పట్టవు సామీ. ఊరికే దుడ్లు దండగ."

"అది నేను చూసుకుంటాలే."

"నీ ఇష్టం. అయితే ఈ ఆదివారం ఎర్రగుంట్ల గోడౌన్‌లో బస్తాలు ఎంచే పని నాకుండాది. అది నువ్వు చేసి రా."

ఆదివారం శేషగిరి ఎర్రగుంట్ల పోయి, మందు వాసనలో తుమ్ముకుంటూ, ఒకసారి తప్పు వస్తే రెండోసారి, మొత్తం బస్తాలు ఎంచి వచ్చాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో అతను అంత పని చేసిన రోజు మరొకటి లేదు.

ఆ సాయంత్రమే భార్యను వెంటబెట్టుకుని వెండి అంగడికి పోయాడు. సబ్బు కొనడానికి వెనకాడిన మనిషి వెండి అంగడి మెట్లు ఎక్కుతుంటే కాలు తడబడను కూడా లేదు. భయం అతని చేత అలా ఖర్చు పెట్టిస్తుంది, దయ ఏనాడూ పెట్టించలేదు.

సుబ్బలక్ష్మి చూడగానే కుంకుమ బరిణె మీద చెయ్యి వేసింది.

"ఆమె కిరస్తానీ మనిషే. కుంకుమ యాడ పెట్టుకుంటాది?"

"అయితే ఈ అగరొత్తుల స్టాండు తీసుకోండి."

"అదీ వద్దు."

"దీపం కుందులు?"

"వద్దంటాండా గదా."

"మరి ఆమె ఏం చేస్తాదండీ?"

శేషగిరి కాసేపు ఆలోచించాడు. మేనేజరు గురించి అతనికి కచ్చితంగా తెలిసింది ఒక్కటే. "నీళ్లు తాగుతాది."

అలా వెండి గ్లాసు ఖాయమైంది. బేరమాడగా ఆడగా ఏడువేల నాలుగు వందల దగ్గర ఆగింది. అంగడివాడు గ్లాసును చేతిలో తిప్పుతూ, పేరు ఏం కొట్టాలని అలవాటుగా అడిగాడు. పేరు వద్దని శేషగిరి అనేలోపే సుబ్బలక్ష్మి అడ్డం వచ్చింది.

"పేరు లేకుండా ఎట్లిస్తారు? ఏడువేలు పోసి మనం కొంటిమి. రేపు ఆ ఆదినారాయణప్ప వచ్చి నేనే ఇచ్చినా అంటే మీరేం చేస్తారు?"

ఆ మాట శేషగిరికి సూటిగా తగిలింది. నిజమే, రహస్యంగా ఇచ్చిన వెండి వల్ల ఎవరికి లాభం? చివరికి ఇద్దరూ కలిసి ఉపాయం కనిపెట్టారు. పేరు గ్లాసు అడుగున కొట్టించాలి. చూసేవాళ్లకు కనబడదు, కడిగినప్పుడు మేడమ్‌కు కనబడుతుంది. 'శేషగిరి, సుబ్బలక్ష్మి దంపతులు, ప్రొద్దుటూరు' అని గుండ్రంగా కొట్టించారు. ఊరి పేరు కూడా వేయించడం శేషగిరి ఆలోచన. తనను ఏ ఊళ్లో ఉంచాలో ఆమెకు గుర్తుంటుందని.

ఇంటికి వచ్చాక సుబ్బలక్ష్మి ఇంకో సంగతి లేవదీసింది. వట్టి గ్లాసు ఎవరికీ ఇవ్వకూడదు. వాళ్ల అమ్మ ఇవ్వలేదు, వాళ్ల అవ్వ ఇవ్వలేదు. గ్లాసు నిండా కలకండ పోసింది. పైన రంగుకాగితం చుట్టి, 'మేడమ్ గారికి' అని శేషగిరి చేత రాయించింది. సోమవారం ఉదయం అతను ఆ పొట్లాన్ని ఆఫీసు బీరువాలో మిగతా కానుకల వెనక దాచి, రెండు రోజులు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ రెండు రోజులూ చీమలు పని చేశాయి.

కానుకలు పంచే రోజు, అంటే పండుగ ముందురోజు, పొద్దున్నే ఊడవడానికి వచ్చిన పెంచలమ్మకు గడప నుంచి బీరువా దాకా నల్లటి బారు కనిపించింది. చీమల మందు కోసం గదులన్నీ వెతికింది. నలభై రకాల పురుగుమందులు అమ్మే ఆ ఆఫీసులో చీమల మందు లేదు. బీరువా తెరిచి చూస్తే ఒక పొట్లం మీద కాగితమే కనిపించలేదు, అంతా చీమలే. ఎవరి కానుకో పాడైపోతుందని పాపం ఆమె ఆరాటపడింది. కాగితం చింపి బయట మంటలో వేసింది, కలకండ కాలవలో పోసింది, గ్లాసును కుళాయి కింద పెట్టి సబ్బుతో తోమింది. తోముతుంటే అడుగున అక్షరాలు కనిపించాయి. తుడిచి తీసుకుపోయి మేడమ్ బల్ల మీద పెట్టింది.

పదింటికి శేషగిరి కొత్త చొక్కా వేసుకుని వచ్చేసరికి అందరూ మేడమ్ గదిలో ఉన్నారు. నిర్మలమ్మ గ్లాసును బోర్లించి చదువుతోంది. తన పేరు ఆమె నోట వినబడగానే అతని కడుపు చల్లబడింది. ఆ చల్లదనం ఎక్కువసేపు నిలవలేదు.

"శేషగిరి గారూ, ఇది మీదేనా?"

"మాదే మేడమ్. ఏదో మా శక్తి కొద్దీ."

"మూడు వందలు దాటొద్దని చెప్పినా గదా. దీని మీద కాగితం కాలిపోయిందంట, ఎవరికి తెచ్చినారో తెలీడం లేదు." ఆమె గ్లాసును బల్ల మీద పెట్టింది. "నాకు ముందున్న మేనేజరు దీపావళి కానుకలు తీసుకునే కదా ఉద్యోగం పోగొట్టుకున్యాడు. కాబట్టి ముందే చెప్తాండా. ఇది నాకోసం తెచ్చింటే, లంచం ఇయ్యబోయినారని ఈ రోజే హెడ్డాఫీసుకు రాస్తా. ఎవరి చీటీ వచ్చింది మీకు?"

శేషగిరి లెక్క వేసుకున్నాడు. మేడమ్ పేరు చెబితే ఉద్యోగానికే ఎసరు. ఇంకెవరి పేరైనా చెబితే ఆ చీటీ తీసినవాళ్లు అది తమదంటారు, ఒక్క వాహిద్ దగ్గరున్నది తప్ప. వాహిద్ వైపు చూశాడు. వాహిద్ ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"చెప్పు సామీ," అన్నాడు ఆదినారాయణ సంబరంగా.

"పెంచలమ్మది మేడమ్," అన్నాడు శేషగిరి. అతని గొంతు అతనికే బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. ఆ ఆఫీసులో అతను నోరు తెరిచి చెప్పిన కొద్దిపాటి నిజాల్లో అదొకటి.

పెంచలమ్మ చీపురు కింద పెట్టి గోడకు ఆనుకుంది.

"నాకా సామీ? పదకొండేండ్ల నుంచి నీకు టీ తెచ్చిస్తాండా. ఒగనాడు పేరు పెట్టి పిలిచింది లేదు, ఏయ్ అంటావు. కడుపులో ఇంత పెట్టుకోనుండావని నాకేం తెలుసు?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

శేషగిరి ఆఖరి ప్రయత్నం చేశాడు. "మేడమ్, రూలు తప్పినా. నాదే పొరపాటు. ఇది ఎనక్కి తీసుకపోయి మూడు నూర్లలో వేరేది తెస్తా."

"వద్దు," అంది నిర్మలమ్మ మెత్తగా. "రూలు పెట్టింది నేనే. ఈ ఒక్కసారికి నేనే సడలిస్తాండా." గ్లాసును తన చేత్తోనే పెంచలమ్మకు ఇచ్చింది.

తర్వాత మిగతా కానుకలు పంచారు. వాహిద్ పేరు రాయకుండా అట్టిపెట్టుకున్న తన పొట్లాన్ని, మేడమ్ చీటీ తనకే వచ్చిందంటూ, ఆమె ముందు పెట్టాడు. లోపల రెండు వందల ఎనభై రూపాయల ఉన్ని శాలువ. పెంచలమ్మ చలిలో ఊడవడానికి వస్తుందని కొన్నది. నిర్మలమ్మ దాన్ని అప్పుడే భుజాల మీద కప్పుకుని, పొద్దున బస్సులో చలికి ఇన్నాళ్లూ వణికిపోతున్నానని, సరిగ్గా ఇదే కావాలనుకున్నానని మురిసిపోయింది.

శేషగిరికి వచ్చిన పొట్లంలో ప్లాస్టిక్ పూలకుండీ ఉంది. అటక మీదిదానికి జోడీ.

అందరూ కేకు తింటుండగా నిర్మలమ్మ సొరుగులోంచి ఒక కాగితం తీసింది. "పులివెందులకు ఆదినారాయణ పేరు రాసి పెట్టినా. ఈ రోజు పంపించాలనుకుంటి." ఆదినారాయణ కేకు మింగడం ఆపాడు. ఆమె ఆ కాగితాన్ని నిలువునా చింపేసింది. "ఆ బ్రాంచిలో పైవాళ్లు అటెండర్లను మనుషులుగా చూడరు. రోజూ గొడవలే. అక్కడికి కావాల్సింది కింద పనిచేసేవాళ్ల మీద ప్రేమ ఉండే మనిషి. అట్లాంటి మనిషి నా కండ్ల ముందరే ఉంటే నేనే తెలుసుకోలేకపోయినా." ఆమె శేషగిరి వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టినవాడు ఆదినారాయణ.

ఇంటికి పోయి ఈ సంగతి చెబితే సుబ్బలక్ష్మి తడబడలేదు. "చూడండి, పేరు కొట్టించబట్టి గదా మీ గొప్పతనం అందరికీ తెలిసింది," అంది.

జనవరి రెండో తేదీన శేషగిరి చల్లారిపోయిన క్యారియరుతో పులివెందుల బ్రాంచిలో దిగాడు. అక్కడి అటెండర్ అలివేలమ్మ గుమ్మం దగ్గరే ఎదురొచ్చి, చేతిలోని సంచీ అందుకుంది.

"రాండి సార్, మీ కోసమే చూస్తాండాము. పెంచలమ్మ మా చిన్నాయన కూతురే. గ్లాసు ఫోటో పంపిచ్చింది, అడుగున పేరుతో సహా. అందరికీ చూపించినా. మేము ఈడ పద్నాలుగు మందిమి సార్. ఉగాది మార్చిలోనే వస్తాండాది."

శేషగిరి కొత్త కుర్చీలో కూర్చుని, ఆ బ్రాంచిలో తన మొదటి పనిగా బదిలీకి దరఖాస్తు రాసి, కారణం అన్న చోట 'అనారోగ్యం' అని పెట్టాడు.