బసవపున్నయ్య హస్తవాసి

మందుల షాపున్న ఊళ్ళో డాక్టరు దండగ! నమ్మకం లేకపోతే మా టేకులపల్లి వచ్చి చూడండి.

బసవపున్నయ్య షాపులో చీటీ అడగరు, లైను కట్టమనరు. సూది గుచ్చి రక్తం తీసే అఘాయిత్యం అసలే లేదు. గడపలో కాలు పెట్టగానే మొహం చూసి జబ్బు చెప్పేస్తాడు. చలిజ్వరమైతే ఎర్రగోలీ, ఒళ్ళునొప్పులైతే తెల్లది, ఏదీ తేలకపోతే రెండూ! చూడముచ్చటగా ఉంటుందని పైన ఒక పచ్చది. ఏళ్ళ తరబడి చదివిన డాక్టరుకు ఇంత చూపుందా?

సర్కారు దవాఖానాలో రక్తం చూస్తారట, పద్నాలుగు రోజులు మందు మింగమంటారట! మూడో రోజుకే జ్వరం పోతే మిగతా పదకొండు రోజులు ఎవరి కోసం మింగాలి? బసవపున్నయ్య మూడు రోజులకే ఇస్తాడు. మళ్ళీ వస్తే మళ్ళీ ఇస్తాడు. పూర్తిగా నయమైనవాడు తిరిగి షాపు గడప తొక్కుతాడా, మీరే చెప్పండి!

తండా భీమ్లా ఈ వానాకాలంలో మూడుసార్లు తొక్కాడు. పత్తి విచ్చుకుంది, మనిషి మంచమెక్కితే పంట వానపాలు. ప్రతిసారీ మూడోనాటికి లేచి చేలోకి వెళ్ళాడు, పక్షం తిరక్కుండా మళ్ళీ వణికాడు. అయినా నమ్మకం చెదరలేదు. పైగా పొదుపరి. భార్య కమ్లికి జ్వరమొస్తే పనికొస్తాయని పొట్లంలో రెండు గోలీలు దాచేవాడు.

పోయిన సోమవారం బసవపున్నయ్యకే చలిజ్వరం పట్టుకుంది. ఇంటావిడ ఆదెమ్మ షాపులోంచి ఎర్రగోలీలు తెచ్చి, నీళ్ళ గ్లాసుతో నిలబడింది.

"అవి నాకెందుకే? ఆటో పిలువు, దవాఖానాకు పోదాం" అన్నాడాయన దుప్పట్లోంచి.

దవాఖానాలో లైను వరండా దాటింది. సరిగ్గా ఆయన ముందే భీమ్లా! నాలుగోసారి వణికేసరికి కమ్లి రెక్క పట్టి లాక్కొచ్చిందట. సేటును చూసి అతని ప్రాణం విలవిల్లాడింది. మొలలోంచి పొట్లం తీశాడు.

"నువ్వేంది సేటూ గీడ? షాపు బందా? ఇగో, నీ గోలీలే. మింగు, మూడొద్దులల్ల లేస్తవ్."

లైనంతా తన గిరాకీయే, అందరి కళ్ళూ తనమీదే. బసవపున్నయ్య పొట్లాన్ని జేబులో వేసుకుని, భీమ్లా చెవి దగ్గరికి వంగాడు.

"ముందు నువ్వు రక్తం చూపించుకో. పద్నాలుగు రోజులూ మింగు, ఒక్కటీ దాచకు."

"మరి మూడొద్దులు చాలంటివి?"

"అది షాపులో మాట."

చూశారా! హస్తవాసంటే బసవపున్నయ్యదే. ఆ చేతి మందు ఆయన తప్ప ఊరంతా మింగవచ్చు!