మంత్రిగారు అల్లిన టోపీ

మా దీవిలో ఇక పుట్టబోయే తొలి బిడ్డకు తమ స్వహస్తాలతో ఉన్ని టోపీ అల్లి తొడుగుతామని పసిపిల్లల సంక్షేమ మంత్రి బర్రెనెచియాగారు రేడియోలో ప్రకటించారు. టోపీ తొడిగిన మరుక్షణం మా ఆరోగ్య కేంద్రానికి నర్సును కూడా ఇస్తారట. కేంద్రం భవనం నిరుడే కట్టారు. నర్సు లేదన్న మాటే గాని దానికి ఏ లోటూ లేదు, తలుపుకి వేసిన తాళం కూడా కొత్తదే.

మాది పెరూ దేశంలో టిటికాకా సరస్సు మధ్యలో దీవి. ఇక్కడ టోపీలల్లడం మగవాళ్ళ పని. నడుస్తూ అల్లుతాం, కబుర్లాడుతూ అల్లుతాం. రాజధాని లీమాలో ఉండే అంత పెద్దమనిషి మా పనికి దిగారంటే నాకు ఒళ్ళు పులకరించింది. పేపర్లో ఫొటో కూడా చూశాను. ఆయన చేతిలో సూదులున్నాయి, ఉన్ని లేదు. మొదట్లోనే ఉన్ని వాడేయకపోవడం పొదుపరి లక్షణం.

మా పక్కింటి నెస్తోర్ భార్య అసుంతకు మగపిల్లాడు పుట్టాడు. జూన్ నెల, మాకు నడి చలికాలం, రాత్రిళ్ళు కుండలో నీళ్ళు గడ్డకడుతున్నాయి. భార్య కడుపుతో ఉన్నన్నాళ్ళూ నెస్తోర్ అల్లిన చిన్న టోపీ సిద్ధంగా ఉంది. దాన్ని తొడగబోతుంటే మంత్రిగారి కార్యదర్శి పడవ దిగి వచ్చి ఆపాడు. ఈ టోపీ తొడిగితే మంత్రిగారిది రెండోది అవుతుందనీ, రెండో టోపీకి నర్సును ఇచ్చే పద్ధతి లేదనీ వినయంగా చెప్పాడు.

"మీ మంత్రిగారొచ్చేదాకా చలి ఆగుతుందా బాబూ?" అంది అసుంత.

"శాలువా కప్పమ్మా. శాలువా గురించి మేమేం ప్రకటించలేదు."

నర్సు కోసం ఆలుమగలు ఒప్పుకున్నారు. మంత్రిగారి రాక వాయిదా పడుతూ వచ్చింది. టోపీ సగమైందని ఒకసారి, సమీక్షలో ఉందని ఇంకోసారి రేడియో చెప్పింది. ఈలోగా పిల్లాడికి దగ్గు పట్టుకుంది. నాకు కోపం వచ్చిన మాట నిజమే. కాని దేశమంతా ఎదురుచూస్తున్న టోపీ కోసం ఒక్క బుర్ర ఎదురుచూడలేదా అని సర్దుకున్నాను.

చివరికి మంత్రిగారు కెమెరాలతో సహా దిగారు. సంచీలోంచి టోపీ తీశారు. లోపల దుకాణం చీటీ వేలాడుతోంది. పాపం, తీరిక ఎక్కడ దొరికితే అక్కడే కూర్చుని అల్లినట్టున్నారు. తొడిగితే అది పిల్లాడి గడ్డం దాటి దిగింది. జనం చప్పట్లు కొట్టలేదు.

మా ఊరి పెద్ద సిప్రియానో తాత దగ్గరికి వచ్చాడు. "అయ్యా, మా దగ్గర పెళ్ళికానివాడి టోపీ పైసగం తెల్లగా ఉంటుంది. ఇట్లా మొత్తం ఎర్రగా ఉంటే పెళ్ళయినవాడని. తమరు వీడికి పెళ్ళి చేసేశారు."

మంత్రిగారు కార్యదర్శి వైపు చూశారు. కార్యదర్శి సరస్సు వైపు చూశాడు. పొరపాటు ఒప్పుకోవడం ఆ శాఖలో ఆనవాయితీ కాదు. మంత్రిగారు మైకు అందుకుని, ఇది తెలిసి చేసిన పనేననీ, పసివాణ్ణి పుట్టుకతోనే గృహస్థుగా గుర్తించిన తొలి ప్రభుత్వం తమదేననీ ప్రకటించారు. ఆయనతో వచ్చిన పోలీసులు చాలాసేపు చప్పట్లు కొట్టారు.

"అయితే సోమవారం దారి పనికి వీణ్ణి కూడా పంపు నెస్తోర్," అన్నాడు తాత. "పెళ్ళయిన మగాడెవడైనా రాళ్ళు మొయ్యాల్సిందే."

మంత్రిగారు మెచ్చుకోలుగా తలూపి పడవ వైపు నడిచారు. నెస్తోర్ పరుగున వెళ్ళి కార్యదర్శికి అడ్డం నిలబడి, నర్సు ఎప్పుడొస్తుందని అడిగాడు. వెనకాలే బిడ్డనెత్తుకుని అసుంత వచ్చింది.

"ఆ కేంద్రం పసిపిల్లల కోసం కదయ్యా," అన్నాడు కార్యదర్శి. "మీ దీవిలో ఇప్పుడున్న పసివాడు ఒక్కడే. ఆ ఒక్కాయనా పెళ్ళయినవాడని మంత్రిగారు ఇందాకే ప్రకటించారు. ఇక నర్సు ఎవరికి?"

అసుంత ఎర్ర టోపీ లాగేసి అతని చేతిలో పెట్టి, మొగుడు అల్లిన టోపీ బిడ్డకు తొడిగింది. పిల్లాడు ముఖం కందిపోయేలా దగ్గాడు.

కార్యదర్శి ఆ పిల్లాడి ముందు గౌరవంగా తల వంచాడు.

"దగ్గు ముదరనివ్వకండి సార్. పట్నం వెళ్ళి ఎవరికైనా చూపించుకోండి," అని చెప్పి పడవెక్కాడు.