ఉత్తరాల్లో మేక

ఆ శనివారం శేషగిరి చేయవలసిన పనులు మూడే. కారు కడగాలి, ఇంటి ముందు గడ్డి కత్తిరించాలి, పదకొండింటికి కాలనీ అసోసియేషన్ సమావేశానికి వెళ్ళాలి. ఐర్లండులోని ఎన్నిస్ ఊరి చివర నలభై రెండు ఇళ్ళున్న ఆ కాలనీకి అతనే కార్యదర్శి. షానన్‌లో, గుండె రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ మేనేజరు. వెంట్రుకలో పదో వంతు తేడా ఉన్నా పట్టుకుని సరుకంతా వెనక్కి పంపుతాడని అతనికి పేరు.

ఎనిమిదింటికి కాఫీ తాగుతూ, సూపర్‌మార్కెట్ కరపత్రాల కింద నిన్నటి నుంచి పడివున్న కవరు ఒకటి చూశాడు. మదనపల్లె పోస్టు ముద్ర. చించి చదివాడు. ఆ తర్వాత కాఫీ కప్పు ఎక్కడ పెట్టాడో అతనికి గుర్తులేదు.

"అనూ! త్రినాథ్, శ్రీలేఖ వస్తున్నారు."

"ఎప్పుడట?" అంది భార్య అనురాధ.

"పధ్నాలుగున. మధ్యాహ్నం ఒంటిగంట బస్సుకి."

అనురాధ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. "ఇవాళే కదండీ పధ్నాలుగు."

ఇరవై మూడేళ్ళ కిందట మదనపల్లె అవతలి కొండల్లో మట్టిగూడు అనే చోట పధ్నాలుగు మంది కలిసి బతికేవారు. ఉద్యోగాలు వద్దు, కరెంటు వద్దు, సబ్బు కూడా వద్దనుకున్నవాళ్ళు. రాగిచేను, తేనెపెట్టెలు, సాయంత్రమైతే డప్పు. అప్పట్లో శేషగిరి జుట్టు నడుం దాకా ఉండేది. అనురాధకు టైఫాయిడ్ వచ్చిన ఏడాది అందరికంటే ముందు కొండ దిగింది వాళ్ళిద్దరే. త్రినాథ్ వాళ్ళ ట్రంకుపెట్టెను నెత్తిన పెట్టుకుని పదకొండు కిలోమీటర్లు నడిచి బస్సెక్కించాడు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరకొచ్చి, "ఎక్కడున్నా ఇలాగే బతకరా శేషూ. ఒకవేళ మారితే మాత్రం నాకు చెప్పకు. ఇక్కడ నేనొక్కణ్ణీ ఉండలేను" అన్నాడు.

మట్టిగూడు నియమాల్లో ఒకటి, విడిపోయినవాళ్ళు ఏడాదికొక ఉత్తరం చేత్తో రాయాలి. శేషగిరి రాశాడు. మొదటి ఏడాది వాషింగ్ మెషీన్ కొన్న సంగతి ఒక్కటే దాచాడు. తర్వాత దాచవలసినవి పెరిగాయి, వాటి స్థానంలో వేరేవి రాయవలసి వచ్చింది. ఐర్లండు వచ్చాక రాతిగోడల కుటీరం రాశాడు, ఊటబావి రాశాడు. త్రినాథ్ తాను నలభై మేకల్ని పెంచుతున్నానని రాసిన ఏడాది, తామూ గౌరి అనే తెల్లమేకను పెంచుతున్నామనీ, పూటకు ముప్పావు లీటరు ఇస్తుందనీ రాశాడు.

నిజం చెప్పేస్తే సరిపోతుందని అనురాధ అంది.

"వాడు ఇరవై మూడేళ్ళు ఆ కొండమీద నిలబడింది నా ఉత్తరాలు చదివే అనూ. ఇప్పుడు అన్నీ అబద్ధాలని ఎలా చెప్పను? ఒక్కరోజు. రేపు పొద్దున్నే వెళ్ళిపోతారు."

అనురాధ లేచి ఎయిర్ ఫ్రయర్ తీగ పీకింది.

తొమ్మిదింటికి డెబ్బై అయిదు అంగుళాల టీవీ పెరటి షెడ్డులోకి వెళ్ళింది. తొమ్మిదిన్నరకు టోస్టరు, మైక్రోవేవ్, కాఫీ మెషీన్ వంటింటి అల్మరాల్లో దాక్కున్నాయి. సోఫా మీద దుప్పట్లు పరిచారు. హీటింగ్ ఆపేశారు. కారును రెండు వీధుల అవతల పెట్టారు. ఫోన్లను బియ్యం డబ్బాలో పూడ్చారు. పదకొండింటి సమావేశం సంగతి శేషగిరికి పదకొండున్నరకు గుర్తొచ్చింది. అప్పటికి మిగిలిన సమస్య ఒక్కటే. మేక.

పదహారేళ్ళ కూతురు రిషిత అంతా విని, "దిస్ ఈజ్ మెంటల్, డాడ్" అంది. అయినా కోటు తొడుక్కుని వెళ్ళింది. కాలనీ వెనక చిన్న పొలంలో రిటైరైన టీచరు అబిగేయిల్ ఉంటుంది. ఆమె దగ్గర ఒక మేక ఉన్నట్టు రిషితకు తెలుసు. అయిదింటి దాకా అరువిచ్చిందని చెబుతూ పన్నెండుంబావుకల్లా దాన్ని తాడుతో పట్టుకొచ్చింది. ఒళ్ళంతా జూలు, చిన్న గడ్డం, గొప్ప ప్రశాంతత. శేషగిరి దాని చుట్టూ ఒకసారి తిరిగి తనిఖీ చేశాడు. ఉత్తరంలో తెలుపని రాశాడు, ఇదీ తెలుపే. తృప్తిపడి షెడ్డు తలుపుకు కట్టేసి, వానలో బస్టాండుకు నడిచివెళ్ళాడు. కుటీరవాసికి కారుండదు కదా.

త్రినాథ్ బస్సు దిగాడు. ఖద్దరు లాల్చీ, రబ్బరు చెప్పులు, భుజాన గుడ్డసంచి. వెనకే అతని భార్య శ్రీలేఖ, పల్చటి నేతచీరలో వణుకుతూ. మిత్రులిద్దరూ గట్టిగా కావలించుకున్నారు. ఆ తర్వాత నలభై నిమిషాలు వానలో నడిచారు.

కాలనీలోకి రాగానే త్రినాథ్ ఆగిపోయాడు. ఒకే రంగు, ఒకే తలుపు, ఒకే కిటికీ ఉన్న ఇళ్ళ వరసను తేరిపార చూశాడు.

"కుటీరం అన్నావు కదరా?"

"కుటీరాన్ని సంఘానికి ఇచ్చేశాం. ఇది సహకార గ్రామం. ఒకడి ఇల్లు ఇంకొకడి ఇంటికంటే ఎక్కువగా ఉండకూడదని అన్నీ ఒకేలా కట్టుకున్నాం."

త్రినాథ్ కళ్ళు చెమర్చాయి. అది వాన కూడా కావచ్చు.

భోజనానికి రాగిసంగటి, పప్పు. హీటింగ్ లేని ఇంట్లో సంగటి కంచంలో పడగానే గట్టిపడుతోంది. శ్రీలేఖ దవడలు కొట్టుకుంటున్న చప్పుడు అందరికీ వినిపిస్తోంది. మధ్యమధ్యలో బియ్యం డబ్బా గుర్రుమంటోంది. గోడలో తేనెపట్టు ఉందని శేషగిరి చెప్పాడు. కాసేపటికి త్రినాథ్ గుడ్డసంచి కూడా అలాగే గుర్రుమంది. "ఇక్కడ తేనెటీగలు ఎక్కువే ఉన్నట్టున్నాయి" అంటూ అతను సంచిని కాలితో బల్ల కిందికి నెట్టాడు. భోజనం కాగానే ఆడవాళ్ళిద్దరూ ఆకుకూర కోసుకొస్తామని వెళ్ళారు. వాన పడుతూనే ఉంది. వాళ్ళు తిరిగి రాలేదు.

పెరట్లో మేక కంచె మీదుగా తల పెట్టి, పక్కింటివాళ్ళ డాఫొడిల్ పూలను వరసగా తినడం మొదలుపెట్టింది. అది కిటికీలోంచి కనబడుతున్నా శేషగిరి కదలలేకపోయాడు. కాలనీలో ఎవరూ కోడిని గానీ పశువును గానీ పెంచరాదని పోయిన నెల కాలనీ వాట్సాప్ గ్రూపులో నోటీసు పెట్టింది తనే. బియ్యం డబ్బా గుర్రుమన్న ప్రతిసారీ ఒక ఫిర్యాదు పెరిగినట్టు లెక్క.

మూడింటికి త్రినాథ్ లేచి, వంటింట్లోంచి స్టీలు గిన్నె తెచ్చుకున్నాడు. అతిథిగా వెళ్ళినవాడు సూర్యుడు దిగేలోగా అడక్కుండా ఒక పని చేసిపెట్టాలి. అది మట్టిగూడు రెండో నియమం.

"గౌరి పాలు నేను పిండుతాన్రా."

"ఇప్పుడెందుకురా, అది కొత్తవాళ్ళని దగ్గరకు రానివ్వదు."

"నలభై మేకల్ని చూసినవాణ్ణి. నాకా చెబుతున్నావు?"

ఇద్దరూ తడిగడ్డి మీద గొంతుకూర్చున్నారు. మేక నములుతూనే ఉంది. త్రినాథ్ గిన్నెను దాని కింద పెట్టి, జూలు పక్కకు తప్పించి, చాలాసేపు చూశాడు.

"నువ్వు మొదలుపెట్టు. నీ చెయ్యి దానికి అలవాటు" అన్నాడు.

"నువ్వు పిండుతానన్నావు కదరా. నీ పద్ధతి చూస్తాను."

త్రినాథ్ చెయ్యి పెట్టి తడిమాడు. "పొదుగు ఇంత చిన్నదేంట్రా?"

"చలిదేశం కదా. ముడుచుకుంటుంది."

"మావాటికి ఇంకాస్త కిందికి ఉంటుంది."

"జాతి వేరు."

పది నిమిషాలు గడిచాయి. త్రినాథ్ మేకకు ఒక పాత రాగం వినిపించాడు. శేషగిరి గిన్నెను అటు జరిపాడు, ఇటు జరిపాడు. ఇద్దరి మోకాళ్ళూ నీళ్ళలో నానిపోయాయి. గిన్నెలో పడింది వాన మాత్రమే.

అప్పుడు పక్క గేటు తెరుచుకుంది. కాలనీ గ్రూపులో డాఫొడిల్స్ తింటున్న మేక ఫోటో చూసి అబిగేయిల్ బయల్దేరి వచ్చింది. ఆమె గేటు దగ్గరే నిలబడి ఆ ఇద్దరినీ, మధ్యనున్న గిన్నెనూ నిదానంగా చూసింది. వెనకే రిషిత కూడా వచ్చి నిలబడింది. అబిగేయిల్ జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి, నొప్పించని రీతిలో విషయం చెప్పింది. దాని పేరు డెక్లన్. తొమ్మిదేళ్ళ మగమేక. చిన్నప్పుడే ఆపరేషన్ చేయించారు. పాలు వచ్చే అవకాశం తక్కువ. ఇంతసేపూ కదలకుండా నిలబడ్డాడంటే మాత్రం వీళ్ళిద్దరూ అతనికి నచ్చినట్టేనని అంది. తర్వాత తాడు విప్పుకుని డెక్లన్‌ను తీసుకెళ్ళిపోయింది.

"నీకు ముందే తెలుసా?" అని శేషగిరి కూతుర్ని అడిగాడు.

"యూ నెవర్ ఆస్క్‌డ్, డాడ్."

రిషిత లోపలికి వెళ్ళిపోయింది. మిత్రులిద్దరూ గిన్నె చెరో పక్కన మిగిలారు. ఇరవై మూడేళ్ళ ఉత్తరాలు ఒక్కసారిగా మీద పడ్డట్టయింది శేషగిరికి. క్షమించమని అడగడానికి నోరు తెరిచాడు. అంతలో అతనిలోని క్వాలిటీ మేనేజరు ఆలస్యంగా పనిలోకి దిగాడు.

"ఒరే త్రినాథ్. నాకంటే తెలీదు, ఆ మేక ఇవాళే వచ్చింది. నువ్వు నలభై పెంచావు కదరా?"

త్రినాథ్ గిన్నెలోని వాననీళ్ళు గడ్డిలో పారబోశాడు. "ఒక్కటి కూడా పెంచలేదురా."

ఇంట్లోంచి గుడ్డసంచి గుర్రుమంటున్న చప్పుడు వచ్చింది.

"వెళ్ళి ఆ తేనెటీగల్ని ఎత్తు" అన్నాడు శేషగిరి.

మిగతాది త్రినాథ్ వంటింట్లో కూర్చుని, తల ఎత్తకుండా చెప్పాడు. శేషగిరి వెళ్ళిన మూడేళ్ళకే మట్టిగూడు ఖాళీ అయింది. ఇప్పుడు తను హైదరాబాదులో ఇరవై ఏడో అంతస్తులో ఉంటున్నాడు, ఒక బిల్డరు దగ్గర సేల్స్ హెడ్‌గా ఫ్లాట్లు అమ్ముతున్నాడు. రేపు డబ్లిన్‌లో ఇక్కడి తెలుగువాళ్ళ కోసం స్టాలు పెట్టాలి. పోస్టు ముద్ర కోసం ఏటా కారేసుకుని మదనపల్లె వెళ్ళి ఉత్తరం పోస్టు చేసి వస్తున్నాడు, అక్కడికొచ్చే శేషగిరి ఉత్తరాలను హైదరాబాదుకు తెప్పించుకుంటున్నాడు.

"నిజం రాద్దామని కూర్చున్నానురా ఒకసారి. ఆరోజే నీ ఉత్తరం వచ్చింది. గౌరికి జబ్బు చేసిందనీ, రాత్రంతా దాని పక్కనే కూర్చున్నావనీ. అంత కష్టంలో నువ్వు నిలబడితే, నేను దిగిపోయానని ఎలా రాయను?"

శేషగిరి ఆ రాత్రి గుర్తుచేసుకున్నాడు. టీవీలో క్రికెట్ చూసిన రాత్రి అది. ఆ మాట ఇప్పుడు అనవసరమనుకుని, లేచి హీటింగ్ వేశాడు. ఇద్దరూ కలిసి షెడ్డులోంచి టీవీ మోసుకొచ్చారు. ట్రంకుపెట్టె కంటే ఇదే బరువుందని త్రినాథ్ అన్నాడు.

ఆకుకూరకు వెళ్ళిన ఆడవాళ్ళు రెండు వీధుల అవతల కారులో దొరికారు. వేడి సీట్లు వేసుకుని, వేళ్ళు నాకుతూ చిప్స్ తింటున్నారు. బాత్రూమ్‌లో వేడినీళ్ళు వస్తాయా అని శ్రీలేఖ అడిగిన నిమిషానికే ఇద్దరికీ అంతా తెలిసిపోయిందట.

"మాకొక మాట చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు శేషగిరి.

"మీరిద్దరూ అంత సంతోషంగా ఉన్నారు, చెప్పబుద్ధి కాలేదన్నయ్యా" అంది శ్రీలేఖ, కిటికీ అద్దం సగమే దించి.

అతిథులు ఒక్క రోజు అనుకున్నది మూడు రోజులు ఉన్నారు, డబ్లిన్ స్టాలుకు శేషగిరే కారులో తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. సోమవారం ఉదయం మాత్రం అతను అసోసియేషన్ కార్యదర్శి హోదాలో, మేక విషయమై పధ్నాలుగో నంబరు ఇంటివారిని, అంటే తననే, హెచ్చరిస్తూ ఉత్తరం పంపాడు. చేత్తో రాసి.