మీటరుకు పెట్టిన బొట్టు

సర్కారువారి లాంతరుతో దేవుడికి వెలుగు చూపిస్తే పుణ్యం తనకా, కరెంటాఫీసుకా? ఈ సందేహం సునామీ నాటి నుంచి దాలయ్యను వదల్లేదు. ఆనాడు సహాయ శిబిరంలో లైన్‌మన్ లక్ష్ముడు లాంతరు చేతికిచ్చి, "కరెంటొచ్చాక ఇచ్చీ భయ్యా" అన్నాడు. దాలయ్య మాట తప్పే మనిషి కాదు. కరెంటు వచ్చిందని నమ్మకం కుదిరాక ఇద్దామనుకున్నాడు. కుదిరేలోపు కరెంటు మళ్లీ పోయేది.

ఇన్నేళ్లకు అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌కు స్మార్ట్ మీటర్లొచ్చాయి. "ప్రపంచంలో ఏ హ్యాకరూ మన దీవుల మీటరును తాకలేడు" అని సైబర్ భద్రతాధికారి భానుప్రకాష్ గారు మైకులో ప్రకటించారు. దాలయ్య చప్పట్లు కొట్టి, తన చేపల కొట్టుకొచ్చి, కొత్త వస్తువు గనక మీటరుకు పసుపు రాసి, మెరుస్తున్న గాజుకంటి మీద కుంకుమ బొట్టు పెట్టాడు. మీటరు దాన్ని దాడి అనుకుని కరెంటు ఆపేసింది. ఐసుపెట్టె నిండా సూర చేపలు.

దాలయ్య ఫెర్రీ ఎక్కి పోర్ట్‌బ్లెయిర్ ఆఫీసుకు పరిగెత్తాడు.

"శభాష్! మన వ్యవస్థ పనిచేస్తోందన్నమాట" అని బొట్టు సంగతి విన్న భానుప్రకాష్ గారు మురిసిపోయారు. "ఓటీపీ పంపాం, చెప్పు."

"ఏ నంబరుకి సార్?"

"కనెక్షన్‌లో రాయించిన నంబరుకే."

"అది పాత కొట్లో ఫోను సార్. కొట్టుతో పాటు సునామీ అట్టుకుపోనాది."

"అంటే ఓటీపీ సముద్రంలో ఉంది. ఎవడైనా దొంగిలించగలడా?"

"నేను గూడా తీలేను గదా సార్! నంబరు మార్చీండి."

"తప్పకుండా. పాత నంబరుకొచ్చిన ఓటీపీ చెప్పు, మార్చేస్తాం."

దాలయ్యకు సిగ్గేసింది. దేశభద్రత గురించి పెద్దలింత చెబుతుంటే తన బుద్ధి చేపల దగ్గరే తిరుగుతోంది. అంతలో భార్య సింహాచలమ్మ ఫోన్ చేసింది.

"ఐసు నీరైపోతంది. ఆఫీసరు బాబు ఏటంతన్నాడు?"

"మన కరెంటు శానా సేఫ్‌గా ఉందంతన్నారే."

"అయితే చేపకి ఉప్పేసీస్తాను. నువ్వక్కడే సేఫ్‌గా ఉండు."

దాలయ్య మొహం చూసి అధికారి నొచ్చుకున్నారు. "మా ఆఫీసు మీటరుకూ ఇదే కవచం. కావాలంటే చూడు" అని, దాలయ్య నుదుటి కుంకుమ వేలితో తీసి గోడమీది మీటరుకు స్వయంగా అద్దారు. ఫ్యాన్లు ఆగాయి. కంప్యూటర్లు ఆరిపోయాయి.

"చూశావా!" అన్నారు విజయగర్వంతో.

ఆఫీసు ఓటీపీ జెట్టీ పక్క పాత ఆఫీసులోని ఫోనుకు వెళ్లింది. ఆ ఆఫీసూ దాలయ్య కొట్టూ ఒకే అలలో పోయాయి.

మర్నాడు పొద్దుగూకే వేళ దాలయ్య మళ్లీ వచ్చాడు. అధికారి చీకట్లోనే కుర్చీలో కూర్చుని ఉన్నారు. దాలయ్య సంచిలోంచి లాంతరు తీశాడు. చిమ్నీ తుడిచి, కిరసనాయిలు పోసి తెచ్చాడు.

"ఏమిటిది?"

"మీ ఆఫీసుదే సార్. లక్ష్ముడు కరెంటొచ్చాక ఇచ్చీమన్నాడు."

"వచ్చిందా మరి?"

దాలయ్య లాంతరు వెలిగించి, వత్తి కాస్త పెంచి, బల్ల మీద పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు.