దొమురోన్ ఎర్ర కొమ్ము

భార్య ఫుమియె తనకు చేసిన ద్రోహం గురించి ఇగరాషి కాంజి చెప్పుకోని మనిషి మా అంగడి వీధిలో లేడు. పెళ్ళయిన కొత్తలో, ఆయన ఇంట్లో లేనప్పుడు, అలమరలో ఉన్న దొమురోన్ అనే రాక్షసబొమ్మ కొమ్ముకు ఆవిడ గోళ్ళరంగు పూసింది. జానెడు ఎత్తు బొమ్మ, మెత్తటి ప్లాస్టిక్ ఒళ్ళు, పొట్ట నిండా పొలుసులు, నెత్తిన ఒక్కటే కొమ్ము. కంపెనీ వేసిన పసుపు రంగు పెచ్చులూడితే ఊడనీ, అదీ ఒక అందమే. దాని మీద ఎరుపు పులిమే హక్కు ఎవరిచ్చారు? బడి మధ్యలో మానేసి, మీసాలు రాకముందు నుంచీ తతామి చాపలు కుడుతున్న కాంజికి లోకం మీదున్న కోపాలన్నిటిలోకీ ఇదే పెద్దది. పన్ను పీకుతున్నప్పుడు కూడా ఈ సంగతే చెప్పబోయాడని పళ్ళ డాక్టరు అంటాడు.

ఏడాదికోసారి, మందుల షాపు పైన ఉన్న వీధి సంఘం హాలులో, రాక్షసబొమ్మలు పోగుచేసేవాళ్ళంతా కలుస్తారు. వచ్చేవాళ్ళు తలా ఒక బొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టాలి. చివర్లో ఒక్కో బొమ్మకీ, టికెట్టు కొన్నవాళ్ళంతా రాయి, కాగితం, కత్తెర ఆట ఆడి, గెలిచినవాళ్ళు పట్టుకుపోతారు. ఆ ఆదివారం పొద్దున్నే వెళ్ళి ముందు వరుసలో నిలబడాలని కాంజి ఆలోచన.

"ఇవ్వడానికి ఏదో ఒకటి నువ్వే సంచిలో పడెయ్. పోయినా ఏడవక్కర్లేనిది చూడు," అని ఫుమియెకు చెప్పి గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడు.

ఫుమియె అలమర ముందు నిలబడింది. ఏ బొమ్మ ఎంత గొప్పదో ఆవిడకు తెలియదు. కానీ ఏది పోతే ఆ మనిషి మనసు చల్లబడుతుందో మాత్రం బాగా తెలుసు. దొమురోన్‌ను తీసి, కొమ్ము ఒకసారి తుడిచి, సంచిలో పెట్టింది. ప్రతి ఏడాదిలాగే హాలులో బార్లీ టీ పోయడానికి తనూ బయలుదేరింది.

హాలులో, కరెంటు సామాన్ల కొట్టు సెకిగుచి సంచులు విప్పి బొమ్మలు బల్ల మీద పెడుతున్నాడు. కాంజి ఒక మూల అన్నం ఉండ తింటున్నాడు. ఎర్ర కొమ్ము పైకి లేవడం చూడగానే ముద్ద గొంతులో అడ్డంపడింది.

"ఏమే! దాన్నెందుకు తెచ్చావ్?"

"రోజూ తిడతారుగా అండీ. పీడ విరగడవుతుందని తెచ్చాను."

కాంజి సెకిగుచి దగ్గరికి పరిగెత్తాడు. "పొరపాటున వచ్చిందయ్యా, వేరేది తెచ్చిస్తా."

"బల్ల ఎక్కిన బొమ్మ అందరిదీ ఇగరాషి గారూ. ఆ నియమం పెట్టించిందే మీరు."

ఇక మిగిలింది ఒక్కటే దారి. దానికోసం ఎవరూ చెయ్యెత్తకుండా చూడాలి. కాంజి బల్ల పక్కన కాపు కాశాడు. మందుల షాపు తొమోనాగా వంగి బొమ్మను చూడబోతే అడ్డం తగిలాడు. "దాన్నేం చూస్తావ్, ఒట్టి చెత్త. కొమ్ము చూడు, ఎవరో గోళ్ళరంగు పులిమారు."

తొమోనాగా కళ్ళు చిన్నవయ్యాయి. నిరుడు పాత సామాన్ల కొట్టులో ఒక నీలి కప్పరాక్షసిని ఇలాగే చెత్త అని చెత్త అని, అందరూ పక్కకు తిరగ్గానే కాంజి కొనేసుకున్నాడు. తొమోనాగా వెళ్ళి పక్కవాడి చెవిలో ఊదాడు. "కాంజి తిడుతున్నాడంటే అసలు సరుకే. ఎర్ర కొమ్ము... ఫ్యాక్టరీలో పరీక్షకి వేసిన రంగేమో!"

హాలు ఆ చివరికి చేరేసరికి ఆ 'ఏమో' రాలిపోయింది. బల్ల చుట్టూ జనం మూగారు. ఒకడు టార్చి వేశాడు, ఒకడు భూతద్దం తీశాడు. ఒక పెద్దాయన బొమ్మ పాదాలు వాసన చూసి, "పాత సరుకే, సందేహం లేదు," అని కళ్ళు మూసుకున్నాడు.

"పరీక్షా లేదు, పాడూ లేదు!" కాంజి గొంతు చించుకున్నాడు. "మా ఆవిడ పూసిందయ్యా! చక్కటి బొమ్మని చేతులారా పాడుచేసింది! కావాలంటే అడగండి!"

టీ గ్లాసుల పళ్ళెంతో ఫుమియె సరిగ్గా వెనకే ఉంది. హాలంతా ఆవిడ వైపు తిరిగింది.

"అవునండీ," అంది, గ్లాసుల్లోకి చూస్తూ. "నేనే పాడుచేశాను."

తొమోనాగా మెచ్చుకోలుగా తల ఊపాడు. "చూశావా, పెళ్ళాం చేత కూడా చెప్పిస్తున్నాడు. ఎంత విలువ లేకపోతే!"

దొమురోన్ వంతు రాగానే హాలులో ఎత్తని చెయ్యి లేదు. కాంజిదీ లేచింది.

"చెత్త అన్నావుగా?" అని తొమోనాగా దెప్పాడు.

"చెత్తబుట్టలో వెయ్యడానికే!"

ఆట సెకిగుచితో. ఆయన్ని గెలిచినవాళ్ళే మిగలాలి. మొదటి విడతలో సగం మంది కూర్చున్నారు, తరవాత పెద్దాయన, ఆ తరవాత శాపనార్థాలు పెడుతూ తొమోనాగా. చివరికి నిలబడింది ఇద్దరు. ముందు కాంజి, వెనక టీ పళ్ళెం పక్కన ఇంకో చెయ్యి.

"వదినగారూ, మీరు కూడానా?" అన్నాడు సెకిగుచి.

"నేనూ టికెట్టు కొన్నానండీ," అంది ఫుమియె.

మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా నిలబడ్డారు. ఇంట్లో చెత్త సంచి ఎవరు బయట పెట్టాలో రోజూ ఈ ఆటతోనే తేలుతుంది. ఆవిడ రాయి పెడుతుంది, ఆయన కత్తెర పెడతాడు, తలరాతను తిట్టుకుంటూ సంచి మోస్తాడు. ఇవాళ కాంజి కాగితం పెట్టాడు. ఆవిడ కత్తెర పెట్టింది.

తన అరచేతిని తనే నమ్మలేక చూసుకుంటున్నాడు కాంజి.

"రోజూ కావాలనే ఓడిపోతారని తెలుసు," అందావిడ మెల్లిగా. "ఇవాళ ఓడిపోరనీ తెలుసు."

గెలిచినవాళ్ళు రెండు ముక్కలు మాట్లాడాలి. సెకిగుచి మైకు అందించాడు. ఫుమియె బొమ్మను రెండు చేతులతో పట్టుకుంది. "ఇన్నేళ్ళు మాట పడ్డాను. చాలు. తొమోనాగా గారూ, గోళ్ళరంగు తుడిచే మందు మీ షాపులో ఉందా? అందరి ముందూ తుడిచేస్తాను."

అసలు సంగతి తేలిపోతుందన్న ఆత్రంలో తొమోనాగా మెట్లు దూకుతూ వెళ్ళి, సీసా, దూది పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. ఫుమియె దూది తడిపి కొమ్ము దగ్గరికి తెచ్చింది.

"ముట్టుకోకు!" కాంజి ఒక్క గంతులో వచ్చి కొమ్మును గుప్పిట్లో మూసేశాడు.

"వదలండి. పాడుచేసిందేగా?"

"ఆ చలికాలం చాప కుట్టమని అడిగినవాడు లేడు. నీకున్నది పెళ్ళికి కొన్న ఆ ఒక్క సీసా. కొమ్ము వెలిసిపోయిందని నేను గొణిగితే, అదంతా దీనికే ఒంపేశావు. తరవాత నీ గోళ్ళకి నేను రంగు చూడలేదు. ఇప్పుడు ఇదీ తుడిచేస్తే..." కాంజి మెడలో తువ్వాలు తీసి, చెమట పట్టని చోట ముఖం తుడుచుకున్నాడు.

టార్చి పట్టుకున్నవాడు దాన్ని ఆర్పేశాడు.

"మరి ఇన్నేళ్ళూ ఊరంతా తిట్టుకుంటూ తిరిగారెందుకు?" ఫుమియె దూది పట్టుకున్న చెయ్యి దించింది.

"మెచ్చుకుంటే ఎవడో ఒకడు అమ్మమని అడుగుతాడుగా!"

హాలులో ఉన్నవాళ్ళంతా తలలు ఊపారు. వాళ్ళకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

ఫుమియె సీసా మూత బిగించింది. దూది చివర ఇంకా తడిగానే ఉంది. దాంతో ఏం చెయ్యాలో తెలియక కాసేపు వేళ్ళ మధ్య నలిపింది. "సరే. కానీ గెలిచింది నేను. ఇది నాది. మీ అలమరలో ఉండనిస్తాను, అద్దె కట్టండి."

"ఎంత?"

"పాముచేప అన్నం. పెద్ద పళ్ళెం. ఇవాళే."

తొమోనాగా నడుము వంచి ఆవిడకు నమస్కరించాడు. "వదినగారూ, ఇప్పుడు యజమాని మీరు గదా. మనం స్థిమితంగా కూర్చుని మాట్లాడుకుందామా?"

"దానికేముంది, మీరూ భోజనానికి రండి," అంది ఫుమియె. అమ్ముతానని మాత్రం అనలేదు. మూడు పళ్ళేలు ఖాళీ అయ్యేదాకా అతను ఆశ వదల్లేదు.

ఆ రోజు ఇగరాషి కాంజికి పోయినవి రెండు: దొమురోన్ మీద హక్కు, పన్నెండు వేల మూడు వందల యెన్లు.